మనకు రాని విద్యకు కానుక

పట్టుచీర కొనేటప్పుడు మనకు బెరుకుండదు. నేత తెలుసు, జరీ తెలుసు, కట్టుకునే మనిషికి ఏ రంగు నప్పుతుందో తెలుసు. ఇంట్లోవాళ్లకు మనం కొనే కానుకల్లో చాలాభాగం ఇలా కళ్లకు అలవాటైన సరుకే. చిక్కల్లా ఎదుటి మనిషి ఏళ్ల తరబడి సాధన చేసిన విద్యకు పనిముట్టు కొనాలనుకున్నప్పుడు వస్తుంది. అందులో ఆయన ఆరితేరినవాడు, మనకు ఓనమాలు రావు. ప్రేమ నిండుగా ఉంటుంది, డబ్బూ ఉంటుంది, అయినా కొన్న వస్తువు నెల తిరక్కుండా అటకెక్కుతుంది. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారేమోనని ఆయన "చాలా బాగుందమ్మా" అంటూనే ఉంటారు, మళ్లీ పాత పనిముట్టే చేతిలోకి తీసుకుంటారు.

ఈ అధ్యాయానికి ఉదాహరణగా చేపల గాలాన్ని ఎంచుకున్నాను. అందులోనూ సెంటర్‌పిన్ అనే ఒక రకం రీలును. తెలుగు పుస్తకంలో ఇదేమిటని అనుకోకండి. ఇంగ్లండులోనూ కెనడాలోనూ స్థిరపడ్డ మన కుటుంబాల్లో వారాంతం రాగానే నది ఒడ్డుకు వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్ల పుట్టినరోజులకు ఏం కొనాలో తోచని కోడళ్లూ, కొడుకులూ ఉన్నారు. పైగా, తెలియని విద్యకు కానుక ఎలా ఎంచాలో చూపించడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనబడలేదు.

మా అక్క కూతురు నాటింగ్‌హామ్‌లో ఉంటుంది. ఆమె మావగారు గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకుని 1980ల్లో ఇంగ్లండు వెళ్లిన డాక్టరు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. ట్రెంట్ నదిలో గాలం వేయడమంటే ఆయనకు ప్రాణం. డెబ్బయ్యో పుట్టినరోజు దగ్గరపడుతుంటే ఈ పిల్ల నాకు ఫోన్ చేసింది. మా ఇంట్లోనూ గాలం పిచ్చి ఉన్న మనిషి ఉన్నారు కాబట్టి, ఒడ్డున కూర్చుని చూసి నేర్చుకున్న పరిజ్ఞానం నాకు కాస్త ఉందని దానికి తెలుసు.

"పిన్నీ, మావయ్యగారికి సెంటర్‌పిన్ రీలూ రాడ్డూ కలిపి కొందామనుకుంటున్నాను. ఏది మంచిదో చెప్పు."

"ముందు ఆయన ఎక్కడ పడతారో, ఎలా పడతారో చూసి నాకు చెప్పమ్మా. దుకాణం సంగతి తర్వాత," అన్నాను.

ఆ చూసి రావడమే అసలు పని. దాని గురించి చెప్పేముందు ఈ రీలు ఏం చేస్తుందో తెలియాలి.

డ్రమ్మూ, బొటనవేలూ

గాలపు రీళ్లన్నింటిలోకీ సెంటర్‌పిన్ సాదా యంత్రం. మధ్యలో ఉక్కు ఇరుసు, దాని మీద తిరిగే డ్రమ్ము, డ్రమ్ముకు రెండు చిన్న పిడులు. గేర్లు లేవు. మీరు ఒక చుట్టు తిప్పితే డ్రమ్ము ఒక్క చుట్టే తిరుగుతుంది. నాలుగున్నర అంగుళాల డ్రమ్మయితే చుట్టుకు అడుగుకు కాస్త అటూ ఇటుగా దారం లోపలికి వస్తుంది, అంతే. సైకిలుకు స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పి వదిలేస్తే అది తన మానాన తిరుగుతూ పోతుంది కదా, మంచి సెంటర్‌పిన్ వేలితో తడితే అలా తిరుగుతుంది.

ఆ తిరుగుడుతోనే దీనికి పని. బెండు కట్టిన గాలాన్ని నదిలో వదులుతారు. ప్రవాహం బెండును లాక్కుపోతుంటే ఆ లాగుడుకే డ్రమ్ము తిరుగుతూ దారం ఇస్తుంది. ఇరవై, ముప్ఫై గజాలు, చేయి తిరిగినవాళ్లయితే ఇంకా ఎక్కువ దూరం బెండును అలా నీటితోపాటు నడిపిస్తారు. ఇంగ్లండులో దీన్ని ట్రాటింగ్ అంటారు. పట్టే మనిషి బొటనవేలు డ్రమ్ము అంచుకు ఆనీ ఆననట్టు ఉంటుంది. బ్రేకు అదే.

ఆ బ్రేకు ఎందుకో తెలిస్తే ఈ విద్య సగం అర్థమవుతుంది. నదిలో పైనీరు వేగంగా పోతుంది. అడుగునీటిని రాళ్లూ నాచూ పట్టి ఆపుతుంటాయి కాబట్టి అది నెమ్మది. బెండు తేలేది పైనీటిలో, ఎర ఉండేది అడుగున. బెండును దాని దారిన వదిలేస్తే అది ఎరను అడుగునీటి వేగాన్ని మించి ఈడ్చుకుపోతుంది. చుట్టూ ఉన్న తిండంతా తాపీగా దొర్లుతూ వస్తుంటే ఇదొక్కటే పరుగు పెడుతుంది. చేపకు అనుమానం రాక మానదు. అందుకని బొటనవేలితో బెండును కొంచెం వెనక్కి పట్టి, ఎరను ముందుకు పోనిస్తారు. ఎంత పట్టాలన్నది ఎవరూ కొలిచి చెప్పలేరు. అది వేలికి తెలియాలి.

నాటింగ్‌హామ్‌కూ ఈ రీలుకూ పుట్టుబంధం ఉంది. లేసు మగ్గాల మీద బతికిన ఊరది. మగ్గాల కండెలను చూసే ఈ రీలు ఆలోచన వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. వాల్‌నట్ చెక్కతో, ఇత్తడితో చేసిన తొలినాటి రీళ్లకు నాటింగ్‌హామ్ రీళ్లనే పేరు. 1890ల్లో ఆ ఊరి గాలగాడు హెన్రీ కాక్సన్ ఆలోచనను తీసుకుని ఆల్‌కాక్ కంపెనీ ఏరియల్ అనే రీలు తెచ్చింది. నిండు డ్రమ్ముకు బదులు చక్రపు ఆకుల్లాంటి సన్నని కమ్మీలు, బరువు బాగా తక్కువ. ఆ కంపెనీ ఉన్న రెడిచ్ పట్టణం సూదులకూ గాలపు కొక్కేలకూ పేరుమోసింది. జె.డబ్ల్యూ. యంగ్ రీళ్లూ అక్కడివే, 1884లో మొదలైన సంస్థ.

తర్వాత 1905లో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ మరోరకం రీలుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయనదీ బట్టల మిల్లుల వ్యాపారమే. ఆయన రీల్లో చుట్ట తిరగదు, దాని ముందుభాగం నుంచి దారం జారి బయటికి వస్తుంది. విసరడం సులువు, చిక్కులు తక్కువ, గేర్లున్నాయి కాబట్టి లాగడం వేగం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెల్లగా అందరి చేతుల్లోకీ అదే వచ్చింది. సెంటర్‌పిన్ కొద్దిమంది దగ్గర మిగిలింది. 1993లో బీబీసీ ప్రసారం చేసిన 'ఎ ప్యాషన్ ఫర్ యాంగ్లింగ్' సిరీస్‌లో క్రిస్ యేట్స్, బాబ్ జేమ్స్ పాత పద్ధతుల్లో నదుల వెంట తిరగడం చూసి, మళ్లీ పాత పనిముట్ల మీద మనసుపడ్డవాళ్లు చాలామంది.

ఈ చరిత్రంతా ఎందుకు చెబుతున్నానంటే, సులువైన రీలు వందేళ్లుగా బజార్లో దొరుకుతుండగా సెంటర్‌పిన్ పట్టినవాడు సౌకర్యం కోసం పట్టలేదు. నదికీ తన వేలికీ మధ్య యంత్రం అడ్డురాకూడదనే పట్టాడు. కాబట్టి ఆయనకు కొనేటప్పుడు "ఎక్కువ సదుపాయాలున్నది ఏది?" అన్న మన మామూలు ప్రశ్న పనికిరాదు. ఆయన వేలికి, ఆయన నదికి ఏది అడ్డురాదో అది వెతకాలి.

అన్నట్టు, ఇంటికి ఎన్ని చేపలు తెస్తారని మాత్రం ఆయన్ని అడగకండి. అక్కడ నదుల్లో పట్టే బార్బెల్, చబ్, రోచ్ చేపలు మన శీలావతి, బొచ్చెల కుటుంబానివే. అయినా వాటిని కూరకు తీసుకెళ్లరు. పట్టి, కాసేపు చూసుకుని, తడిచేత్తో తిరిగి నీళ్లలో వదిలేస్తారు. ఆయనకు ఆనందం బెండు నడకలో ఉంది.

ముందు షెడ్డులోకి తొంగిచూడండి

మా పిల్ల మొదట చేసిన పని మావగారి షెడ్డు సర్దిపెడతానని ఒప్పించి అందులో ఒక పూట గడపడం. అక్కడ దానికి కనిపించినవి ఏ దుకాణంవాడూ చెప్పలేడు.

గోడకు ఆనించిన మూడు రాడ్లలో ఒకదాని కార్కు పిడి ఒకే చోట నల్లబడి, నొక్కులు పడి ఉంది. రీలు బిగించే రింగులు ఏళ్ల తరబడి ఆ చోటే ఉన్నాయన్నమాట. అంటే ఆయన రీలును పిడికి ఎంత ముందుకు పెట్టుకుంటారో టేపుతో కొలవకుండానే తెలిసింది. మిగతా రెండు రాడ్ల కార్కు కొత్తదానిలా ఉంది. రోజూ వాడే రీలు అంచు మీద, చుట్టూతా, నల్లరంగు పోయి తెల్లని లోహం బయటపడింది. అదంతా బొటనవేలు చేసిన పని. రీలు ఎటువైపు అరిగిందో చూస్తే రాడ్డును ఏ చేత్తో పట్టి ఏ చేత్తో తిప్పుతారో కూడా చెప్పేయవచ్చు. దారం డబ్బా మీద అది తాళే బరువు నాలుగు పౌన్లని ఉంది. ఇవన్నీ ఫోన్లో ఫొటోలు తీసి నాకు పంపింది.

తర్వాత ఒక ఆదివారం తనూ వస్తానని ఆయన వెంట వెళ్లింది. ఒక్క పూట పక్కన కూర్చోవడం వంద క్యాటలాగుల పెట్టు. ఆయన బెండు దిగువకు పోయి, ఏదీ తగలక, దారం వెనక్కి చుట్టేటప్పుడు పిడి పట్టుకుని తిప్పలేదట. నాలుగు వేళ్లతో డ్రమ్ము అంచును కిందికి చరుస్తూ, గిర్రున తిరిగేలా చేసి, గబగబా చుట్టేశారట. దీన్ని అక్కడివాళ్లు బ్యాటింగ్ అంటారు. అలా చరిచే అలవాటున్న మనిషికి అంచు నున్నగా, కొంచెం పైకి లేచి ఉన్న డ్రమ్ము కావాలి. పక్కన దారం జారకుండా పెట్టే కమ్మీ ఆ చేతికి అడ్డు తగిలేలా ఉండకూడదు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. పొద్దున్నే చలికి ఆయన వేళ్లు బిగుసుకుపోతున్నాయి. చిన్నపిడుల రీలు వద్దని అక్కడికక్కడే తేలిపోయింది.

"మావయ్యగారూ, ఈ రీల్లో మీకు నచ్చనిదేమైనా ఉందా?" అని మాటల్లో పెట్టి అడిగితే, "నిదానంగా పారే చోట ఇది మొరాయిస్తుందమ్మా, బెండు లాగినా కదలదు," అన్నారట. కానుక దొరికింది. ఆయన నోటి నుంచి వచ్చిన ఈ ఒక్క ముక్క మీదే మిగతా ఎంపికంతా నిలబడింది.

రహస్యం పూర్తిగా కాపాడాలని పట్టుపట్టకండి. కానుక విప్పినప్పుడు కలిగే ఆశ్చర్యం రెండు నిమిషాల ముచ్చట. సరిపోని రీలు మాత్రం పదేళ్లు షెడ్డులో ఉంటుంది. మీ మావగారో నాన్నగారో బిడియస్తులై ఏమీ బయటపడకపోతే ఆయనతో ఒడ్డున కూర్చునే స్నేహితుణ్ణి అడగండి. ఆ స్నేహితుడికి ఆయన సణుగుడంతా కంఠతా వచ్చి ఉంటుంది. ఆయన ఎప్పుడూ వెళ్లే గాలాల దుకాణం ఏదో తెలిస్తే మరీ మంచిది. కౌంటరు దగ్గర ఉన్న మనిషికి ఆయన పేరు చెప్పండి, చాలు.

చేతిలోకి తీసుకుని చూడాల్సింది

ఈ రీళ్లను వీలైనంతవరకూ ఆన్‌లైన్లో కొనకండి. ఫొటోలో అన్నీ మెరుస్తాయి. దుకాణానికి వెళ్లి, రీలు పాదాన్ని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, డ్రమ్మును నిలువుగా ఉంచి, కుడిచేతి వేలితో ఒక్కసారి తట్టండి.

చాలామంది ఇక్కడ గడియారం చూస్తారు. రెండు నిమిషాలు తిరిగింది, మూడు నిమిషాలు తిరిగిందని అమ్మేవాళ్లూ గొప్పగా చెబుతారు. ఖాళీ డ్రమ్ము ఎంతసేపు తిరిగిందన్నది నది ఒడ్డున పెద్దగా అక్కరకు రాదు. బరువైన డ్రమ్ము ఒకసారి ఊపందుకుంటే చాలాసేపే తిరుగుతుంది, కానీ నిదానపు నీటిలో తేలికైన బెండు దాన్ని కదిలించలేదు. తిరగడం ఎంత తేలిగ్గా మొదలవుతుందో అది చూడాలి. చుట్టిన దారం కొస పట్టుకుని, ఉల్లిపొరను లాగినంత మెత్తగా లాగండి. ఆ లాగుడుకే డ్రమ్ము మేలుకోవాలి. మావయ్యగారు మొరాయిస్తుందన్నది దీని గురించే. ఇక్కడ తేలికపాటి డ్రమ్మూ, మంచి బాల్ బేరింగులూ ఉన్న రీలుకు నా ఓటు. ఇరుసు మీద నేరుగా తిరిగే పాతతరం రీళ్లంటే పడిచచ్చేవాళ్లున్నారు. వాటికి నూనెబొట్టు వేస్తూ, ఇరుసు తుడుస్తూ, ఒక పూజలా చూసుకుంటారు. మీ మనిషి ఆ కోవకు చెందినవాడైతే బేరింగుల మాట ఎత్తకండి.

తర్వాత డ్రమ్ము తిరుగుతుండగా పక్క నుంచి, కంటికి సమానంగా పెట్టి, అంచును చూడండి. అంచుకూ వెనక పలకకూ మధ్య సందు చుట్టూతా ఒకేలా ఉండాలి. ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా మారుతూ ఊగిందంటే ఇరుసన్నా వంగి ఉండాలి, డ్రమ్మన్నా దెబ్బతిని ఉండాలి. ఆ సందు వెడల్పు కూడా ముఖ్యమే. నాలుగు పౌన్ల దారం మందం 0.2 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. గాలికి వదులైన దారం ఆ సందులోంచి డ్రమ్ము వెనక్కి జారి ఇరుసుకు చుట్టుకుంటే ఆ పూట చేపలు పట్టడం అయిపోయినట్టే. మీరు వెళ్లేటప్పుడే ఆయన వాడే దారం ఒక మూర తీసుకెళ్లి, దాన్ని సందులో పెట్టి చూడండి. దుకాణంవాడు మిమ్మల్ని చూసే చూపు మారిపోతుంది.

ఇక మిగిలింది ర్యాచెట్, అంటే టిక్ టిక్ మంటూ డ్రమ్మును ఆపి ఉంచే చిన్న మీట. రాడ్డును పక్కన పెట్టినప్పుడు అది లేకపోతే డ్రమ్ము దానంతటదే తిరిగి దారమంతా కుప్పపడుతుంది. వేసి, తీసి చూడండి. తీసినప్పుడు పూర్తిగా విడిపోవాలి. ర్యాచెట్ తీశాక కూడా సన్నగా గీరుతున్న చప్పుడు వినిపిస్తే ఆ రీలు వద్దు. చాలా రీళ్లను ఎటువైపైనా బిగించుకోవచ్చు, అయినా మీటా, కమ్మీ ఆయన చేతికి ఏ వైపు వస్తాయో ఒకసారి సరిచూసుకోండి.

ధరల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులో వంద పౌన్ల లోపు దొరికేవి మొదలుపెట్టేవాళ్లకు. నూట యాభై నుంచి మూడొందల మధ్య జీవితాంతం వాడుకోదగ్గవి ఉన్నాయి. అంతకుమించి, ఒక్కొక్కటిగా చేత్తో మలిచిన రీళ్లు వెయ్యి పౌన్లు కూడా దాటుతాయి. ఆ మీదటి తరగతిలో మీరు డబ్బు పోసేది పనితనానికీ అందానికీ, అది తప్పేమీ కాదు. అయితే మరీ ఖరీదైన వస్తువు ఇస్తే ఆయన దాన్ని నదికి తీసుకెళ్లకుండా అద్దాల బీరువాలో పెట్టుకునే ప్రమాదం ఉంది. తడవని రీలు రీలు కాదని నా గట్టి నమ్మకం. మా పిల్ల కొన్నది ఏ కంపెనీదో ఇక్కడ రాయను, మీ ఇంట్లో మనిషి నది వేరు, వేలు వేరు.

పాత రీలు కొనాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పుట్టిన సంవత్సరంలో తయారైన రీలు ఇవ్వడం నిజంగా మురిపించే కానుకే. యంగ్ వాళ్ల రాపిడెక్స్, ట్రూడెక్స్ రీళ్లు ఒకప్పుడు పెద్దసంఖ్యలో తయారయ్యాయి కాబట్టి ఇప్పటికీ అందుబాటు ధరకు దొరుకుతాయి, వాడుకోవడానికీ పనికొస్తాయి. పాత ఆల్‌కాక్ ఏరియల్ అలా కాదు. వాటిని సేకరించేవాళ్ల సంఖ్య ఎక్కువ, ధరలు చుక్కల్లో ఉంటాయి. ఏది అసలుదో, ఏది అతుకులు వేసిందో చెప్పడానికి అనుభవం కావాలి. తెలిసినవాళ్లు పక్కన లేకుండా వేలంపాటలో చెయ్యెత్తకండి. పాత గాలాల పెట్టె మొత్తంగా కొంటే అందులో చిన్న సీసపు గుళ్లు ఉండవచ్చు. సీసం మింగి హంసలు చచ్చిపోతుండటంతో బ్రిటన్‌లో చిన్న సీసపు బరువుల అమ్మకాన్ని 1987లోనే నిషేధించారు. వాటిని తీసి పక్కనపెట్టి, విషం లేని కొత్త గుళ్ల డబ్బా ఒకటి ఆ చోట పెట్టండి.

రాడ్డు కూడా కొనాలా?

రెండూ కలిపి కొనాలన్నది మా పిల్ల మొదటి ఆలోచన. వద్దన్నాను. రీలు ఒక మనిషితో ముప్ఫై ఏళ్లు ఉంటుంది, నది మారినా పనికొస్తుంది. రాడ్డు అలా కాదు. ట్రెంట్ లాంటి పెద్దనదిలో బార్బెల్ కోసం కావలసిన గట్టి రాడ్డు వేరు, చిన్న ఏట్లో రోచ్ కోసం కావలసిన సన్నని రాడ్డు వేరు. ఆయన దగ్గర అప్పటికే నచ్చిన రాడ్డు ఉంటే, ఆ నల్లబడ్డ కార్కు పిడి అదే చెబుతోంది కదా, దానికి కుదిరే రీలు కొనడమే మర్యాద.

మొత్తం కొత్తగా కొనాల్సివస్తే, అంటే మామూలు రీలుతో చేయి కుదిరి సెంటర్‌పిన్‌లోకి అడుగుపెడుతున్న మనిషికైతే, పదమూడు అడుగుల కార్బన్ ఫ్లోట్ రాడ్డు దగ్గర మొదలుపెట్టండి. అంత పొడవు ఎందుకంటే, దూరంగా పోతున్న బెండుకూ రాడ్డు కొసకూ మధ్య దారం నీళ్ల మీద పడకుండా ఎత్తి పట్టాలి. దారం నీటిలో పడితే ప్రవాహం దాన్ని వంచి బెండును పక్కకు లాగేస్తుంది. మూడు ముక్కలుగా విడిపోతుంది కాబట్టి కారులో పడుతుంది. బరువు రెండొందల గ్రాముల లోపు ఉన్నవి దొరుకుతాయి. డెబ్బై ఏళ్ల భుజానికి ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. వెదురు బద్దలు అతికించి చేసే స్ప్లిట్ కేన్ రాడ్లు చూడటానికి ఎంతో అందంగా ఉంటాయి, కానీ బరువెక్కువ. ఆయన అడగనిదే వాటి జోలికి పోవద్దు.

పిడి విషయం ఒక్కటి మరిచిపోకండి. రీలును జారే రింగులతో కార్కు మీద ఎక్కడైనా బిగించుకునే పిడి ఒక రకం. మర సీటుతో ఒకే చోట బిగించేది ఇంకొకటి. సెంటర్‌పిన్ వాడేవాళ్లలో చాలామందికి మొదటిదే ఇష్టం, తూకం ఎక్కడ కుదిరితే అక్కడికి జరుపుకోవచ్చు. పాత రీళ్ల పాదం కొన్నిసార్లు మందంగా, పొడవుగా ఉండి కొత్త మర సీట్లలో దూరదు. రీలు, రాడ్డు రెండూ చేతిలో పెట్టుకుని బిగించి చూడకుండా డబ్బు కట్టకండి.

అసలు గాలమే పట్టని మనిషికి, చిన్నపిల్లలకు మొదటి పరికరంగా సెంటర్‌పిన్ ఇవ్వకండి. దీనితో గాలం దూరంగా విసరడం తేలిగ్గా పట్టుబడదు. మొదటి రోజే చిక్కుముళ్లు విప్పుతూ కూర్చుంటే ఆసక్తి చచ్చిపోతుంది.

కెనడాలో ఉన్నవాళ్లకు లెక్క కొంత వేరు. బ్రాంప్టన్, మిస్సిసాగాల మీదుగా పారే క్రెడిట్ నదిలోకి ఒంటారియో సరస్సు నుంచి స్టీల్‌హెడ్ చేపలు ఎక్కి వస్తాయి. మన బార్బెల్ కన్నా దూకుడెక్కువ, చలికాలం నడిమధ్య కూడా పడతారు. అక్కడ రాడ్లు పదమూడు నుంచి పదిహేను అడుగులు, దారం ఎనిమిది పౌన్లు అంతకు మించి, రీలు కొంచెం పెద్దది. గడ్డకట్టే చలిలో చేతితొడుగుతోనే పట్టుకోగలిగే పిడులు, నీరు లోపలికి దూరని బేరింగులు చూడాలి. ఇంగ్లండు దుకాణం సలహాను అక్కడికి మోసుకెళ్లకండి.

చేతికిచ్చే వేళ

ఇంగ్లండు నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఈ చేపల్ని పట్టకూడదు, గుడ్లు పెట్టే కాలం. చాలా చెరువుల్లోనూ కాలువల్లోనూ ఈ నిషేధం లేదు. నదికి వెళ్లేవాళ్లకు మాత్రం జూన్ 16 పండగే. పుట్టినరోజు ఏప్రిల్‌లో వచ్చినా నిరుత్సాహపడకండి. రీలును విప్పి చూసుకోవడానికి, పెరట్లోనో కాలువ ఒడ్డునో విసరడం సాధన చేయడానికి రెండు నెలలు చేతిలో ఉంటాయి. జూన్ రెండోవారంలో ఇస్తే మరీ బాగు. డిసెంబరులో ఇచ్చేటట్లయితే సీజన్ ముగిసేలోగా వాడుకునే వ్యవధి ఉంది.

మనవడు తాతగారి వెంట వెళ్లి రాడ్డు పట్టాలని ముచ్చటపడితే, పదమూడేళ్లు నిండినవాళ్లందరికీ ఇంగ్లండులో లైసెన్సు ఉండాలి. పదహారేళ్ల దాకా పిల్లలకు అది ఉచితం, అయినా నమోదు చేయించుకోవాలి. పెద్దవయసువాళ్లకు రాయితీ ఉంది. ఆయన లైసెన్సు గడువు ఎప్పుడు తీరుతుందో కనుక్కుని, దాన్ని పొడిగించిన కాగితం రీలుతోపాటు పెడితే అది కూడా కానుకే.

ఇస్తూ ఇస్తూ రీలు గొప్పతనం గురించి మనం చెప్పకూడదు. దాని గురించి మనకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. ఎందుకు అదే ఎంచుకున్నామో మాత్రం చెప్పాలి. "నిదానపు నీటిలో పాతది మొరాయిస్తుందన్నారుగా మావయ్యగారూ, అందుకని తేలిక డ్రమ్ముది చూశాను. పొద్దున చలికి ఇబ్బంది పడుతున్నారని పిడులు కొంచెం పెద్దవి," అని మా పిల్ల చెప్పింది. ఆయన కాసేపు రీలును చూడటం మానేసి కోడలి వైపే చూశారట. తన చేతివేళ్లను ఇంట్లో ఒకరు ఇంత శ్రద్ధగా గమనించారని ఆయనకు ఆ రోజే తెలిసింది. ఖరీదు ఎంతని ఎవరూ అడగలేదు.

దుకాణంవాళ్లు దారం చుట్టి ఇస్తామంటారు. వద్దనండి. ఎంత దారం చుట్టాలి, కింద పాత దారం ఎన్ని గజాలు వేయాలి, ఏ రంగు అన్నది ఒక్కొక్కరిది ఒక్కో పట్టింపు. ఎక్కువ చుడితే పైచుట్లు కిందిచుట్లలోకి కోసుకుపోయి బెండు నడక తెగుతుంది. ఆయన వాడే దారం డబ్బా ఒకటి విడిగా పెట్టండి. రసీదు కూడా పెట్టెలోనే పెట్టి, నచ్చకపోతే మార్చుకోవచ్చని మీరే నోరు తెరిచి చెప్పండి, పెద్దవాళ్లు మొహమాటానికి తమంతట తాము అడగరు. మార్చుకోవడానికి ఎన్ని రోజుల గడువుందో కొనేటప్పుడే కనుక్కోండి. ఒకసారి దారం చుట్టి నీళ్లలో దించాక ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. కాబట్టి మొదట ఆయన పాత రాడ్డుకు ఉత్త రీలునే బిగించి, చేత్తో పట్టుకుని, తూకం చూసుకోమనండి.